గురువారం బల్ల

నా తల నిండా తీగలు అతికించారు. మంచానికి ఎదురుగా గోడ మీద కెమెరా బిగించారు. ఇంక నాకు ఫిట్స్ రావడమే తరువాయి అన్నట్టు అందరూ నా వైపే చూస్తూ కూర్చున్నారు.

రాలేదు.

ఉయ్యూరులో పాలు పొయ్యి మీద పెట్టి ఇటు తిరిగేలోగా వచ్చేది. చర్చిలో మోకాళ్ళ మీద ఉండగా వచ్చేది. కాన్వెంటులో రెండో తరగతి పిల్లల ముందు వచ్చి నా ఉద్యోగం ఊడగొట్టింది. గవర్నర్‌పేట ఆస్పత్రిలో ఆ చల్లటి గదిలో మాత్రం రానంటే రానని మొండికేసింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి, తప్పు తనదైనట్టు, "ఇంటి దగ్గరైతే వస్తుందండీ" అన్నాడు డాక్టరుతో.

మర్నాడు నాన్న భోజనానికి కిందికి దిగాడు. గదిలో ఒక్కదాన్నే మిగిలాను. అప్పుడొచ్చింది.

సాయంత్రం డాక్టరు నాన్నని కూర్చోబెట్టి కంప్యూటర్ మీద గీతలు చూపించాడు.

"పిల్ల కొట్టుకుంటున్నప్పుడు కూడా ఇవి మామూలుగానే ఉన్నాయి చూడండి. ఇది మూర్ఛ కాదు శౌరయ్యగారూ. ఇన్నేళ్ళూ వాడిన మాత్రలు ఈ అమ్మాయికి అక్కర్లేదు. మెల్లగా మాన్పించేద్దాం."

నాన్న ఆ గీతల మీదికి వంగాడు. "అంటే... కావాలని చేస్తోందాండీ?"

"కాదు, కాదు. వచ్చేవి నిజమైన ఫిట్సే. కారణం మెదడు కరెంటులో లేదు, మనసులో ఉంది." అంటూనే డాక్టరు వాచీ చూసుకున్నాడు. బయట జనం ఉన్నారు మరి.

మనసులో ఉంది అంటే డాక్టర్లకి ఏం అర్థమో నాకు తెలీదు. మా పేటలో దానికి ఒకటే అర్థం. నాటకం.

ఆ డాక్టరే ట్రయల్ గురించి చెప్పాడు. ఇలాంటి ఫిట్స్‌కి మాటలతో చికిత్స పనిచేస్తుందో లేదో హైదరాబాదు వాళ్ళూ వీళ్ళూ కలిసి పరీక్ష చేస్తున్నారట. చేరినవాళ్ళలో సగం మందికి వారం వారం ఒక మేడమ్ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మిగతా సగం మందికి మామూలు చెకప్పే. ఎవరు ఎందులో పడతారో డాక్టరు చేతిలో ఉండదు, కంప్యూటర్ తేలుస్తుంది. చేరడం మన ఇష్టం, మధ్యలో మానేయడం మన ఇష్టం.

"కోసేదేం లేదు కదండీ?" అన్నాడు నాన్న.

"ఏమీ లేదు."

"అయితే చేర్చుకోండి."

డాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

నన్ను ఒకరు ఏదైనా అడిగి ఎంతకాలమైందో. వారానికొకసారి ఇంట్లోంచి బయటపడొచ్చు అన్నదొక్కటే నా బుర్రలో తిరిగింది. "చేరతానండీ" అన్నాను.

అది 2002 చివర. చెరకు క్రషింగ్ అప్పుడే మొదలైంది.

నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. చెరకు బండ్లూ ట్రాక్టర్లూ కాటా ఎక్కితే తూకం చూసి చీటీ రాసిస్తాడు. సీజను మొదలైందంటే ఆయనకి ఇల్లూ వాకిలీ గుర్తుండవు. పొద్దున్నే వెళుతూ తలుపుకి బయటినుంచి గడియ పెట్టేవాడు, నేను రోడ్డు మీద పడిపోతానని. పక్కింటి వెంకటరత్నమ్మగారికి ఒక మాట చెప్పి వెళ్ళేవాడు. ఆవిడ మధ్యాహ్నం కిటికీలోంచి తొంగిచూసి "ఉన్నావా?" అనేది. "ఉన్నానండీ" అనేదాన్ని. ఆ రోజుకి నా నోట్లోంచి వచ్చే మాట అదే.

నాన్న వచ్చినా పెద్ద తేడా లేదు. మా ఇంట్లో మాట్లాడే పని అమ్మది. అమ్మ పోయాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. "అన్నం", "దీపం", "మాత్ర". అంతే, ఒక్కో మాట.

ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రం మాట్లాడేవాడు.

మా వైపు ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడతారు. నాన్న తాళాల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో కుక్కి, పైన తన రెండు చేతులూ మూసి, పక్కన చతికిలబడేవాడు. ఇంక మొదలుపెట్టేవాడు. "ఇవాళ ముదునూరు బండొకటి కాటా మీదే బోల్తా కొట్టింది తల్లీ. ఎడ్లకేం కాలేదులే... మీ అమ్మే ఉంటే నిన్ను ఎలాగైనా మళ్ళీ బళ్ళోకి పంపించేది. నాకంత ధైర్యం లేదు... పొద్దున గడియ పెడుతుంటే చెయ్యి రాదురా అమ్మా."

నాకేమీ తెలియదనుకునేవాడు. అందరూ అదే అనుకునేవారు.

నాకు తెలిసేది. నీళ్ళలో మునిగి విన్నట్టు ఉండేది కానీ, ప్రతి మాటా వినపడేది. ఒళ్ళు నా చెప్పుచేతల్లో లేకపోయినా చెవులు పనిచేసేవి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు. "చూశారా, తెలివుండే చేస్తోంది."

ఇంకో సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. ఫిట్స్ రావాలని నేనెన్నడూ కోరుకోలేదు. వచ్చాక మాత్రం, త్వరగా వదలకపోతే బావుండుననిపించేది.

*

మొదటి గురువారం నాన్న నన్ను బస్సెక్కించి, "గవర్నర్‌పేటలో దింపండి, కాస్త చూస్తూ ఉండండి" అని కండక్టరుకి అప్పజెప్పాడు.

ఆస్పత్రి మేడ మీద ట్రయల్ గదులు. అక్కడ పెత్తనమంతా సీతారావమ్మ సిస్టర్‌ది. సర్కారు ఆస్పత్రిలో రిటైరై ఇక్కడ చేరింది. మాట కరుకు. పేషెంట్లు తమలో తాము రెండు పేర్లు పెట్టుకున్నారు. మేడమ్ దగ్గరికెళ్ళేవాళ్ళు మాటల వాళ్ళు. మిగతావాళ్ళు బీపీ వాళ్ళు.

నేను బీపీలో పడ్డాను. సిస్టర్ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "ఈ వారం ఎన్నిసార్లొచ్చింది?" అని అడిగి, "సరే, వెళ్ళిరా" అంది. బస్సులో ఊగుతూ అంత దూరం వచ్చింది దీనికి. నాకు మాటలు అక్కర్లేదని ఆఖరికి కంప్యూటర్ కూడా తేల్చేసింది.

తిరుగు బస్సుకి ఇంకా టైముంది. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మాటల గది తలుపు తెరుచుకుని ఒకావిడ బయటికొచ్చింది. నాకన్నా పెద్దది. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. నా పక్కన కూర్చుని, సంచీలోంచి కాగితం పొట్లం తీసి, ఉల్లిపాయ సమోసాని రెండు ముక్కలు చేసి, ఒకటి నా ముందుకి చాపింది.

"వద్దండీ."

"తీసుకో పిల్లా. ఒక్కదాన్నే తింటే నాకరగదు. మా పుట్టింట్లో అలా అలవాటు చేసి చంపారు." ముక్క నా చేతిలో పెట్టేసింది. "బీపీయా, మాటలా?"

"బీపీ."

"అయ్యో!" అంది, జైల్లో పడ్డవాళ్ళని అన్నట్టు.

నాకు నవ్వొచ్చింది. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె పేరు సాలేహా. హనుమాన్ జంక్షన్‌లో హైవే మీద వాళ్ళాయన సైదావలికి పంక్చర్ షాపుంది. షాపు వెనకే ఇల్లు. ఈమె ఆస్పత్రికొస్తున్నట్టు ఆయనకి తెలీదు.

"తల డాక్టరు దగ్గరికంటే ఇంక నన్ను పిచ్చివాళ్ళలో కలిపేస్తాడు. వన్‌టౌన్‌లో మా అక్కుంది, తనే వచ్చి సంతకం పెట్టింది. మా ఆయనకి గురువారం గురువారం దర్గాకని చెప్పొస్తా. అబద్ధమేం కాదులే, బస్సు దర్గా ముందునుంచే పోతుంది. కిటికీలోంచి సలాం కొడతా."

సీతారావమ్మ సిస్టర్ గుమ్మంలోంచి తల బయటపెట్టింది. "ఏమ్మా, మాటల వాళ్ళూ బీపీ వాళ్ళూ ఇక్కడి సంగతులు మాట్లాడుకోకూడదని చెప్పానా? ట్రయల్ పాడవుతుంది."

"సమోసా తింటున్నాం సిస్టర్."

సిస్టర్ లోపలికెళ్ళింది. సాలేహా నా చెవి దగ్గరికి వంగింది. "విన్నావుగా. అందుకని నెమ్మదిగా చెబుతా."

ఆ గురువారం నుంచి మాటల గదిలో తనకి దొరికిందంతా సాలేహా బల్ల మీద నాకు సగం పంచింది. తప్పు చేస్తున్నామని ఆమెకి ఒక్కసారీ తోచలేదు. పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కతే మింగడమే ఆమె లెక్కలో తప్పు.

"మేడమ్ ఏమందో తెలుసా? ఎసరు పొంగితే మూత ఎగురుతుందంట. మూతని తిట్టి ఏం లాభం, మంట తగ్గించుకోవాలంట."

ఇంకో వారం. "వచ్చే ముందు ఏదో ఒక గుర్తు కనబడుతుందంట. నాకు నాలుక మొద్దుబారుతుంది. నీకు?"

"ఎడమచేతి వేళ్ళు చల్లబడతాయి."

"అదే గుర్తు. అప్పుడు పాదాలు రెండూ నేలకి గట్టిగా ఆనించు. ఎదురుగా కనబడేవన్నీ పేరుపేరునా చెప్పుకో. మా షాపులో అయితే తేలికే. టైరు, ట్యూబు, గాలిపంపు, మా ఆయన, మళ్ళీ టైరు."

ఆ తర్వాతి వారం సమోసా విరుస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "వచ్చినప్పుడు నీకు వినపడుతుందా?"

"లేదు" అన్నాను వెంటనే.

"నాకు వినపడుతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మేడమ్‌తో అనేశాను, చంపితే చంపుతుందని. ఆమె నవ్వింది. చాలామందికి వినపడుతుందంట. వినపడినంత మాత్రాన నాటకం కాదంట. ఒళ్ళు మన చేతిలో లేకపోవడం నిజమే, చెవి పనిచెయ్యడం నిజమే. రెండూ నిజమేనంట."

వరండా చివర ఎవరో స్ట్రెచర్ తోసుకుపోయారు.

"నాక్కూడా" అన్నాను.

"తెలుసులే" అంది ఆమె. నా వైపు తిరగలేదు. తిరిగుంటే ఏడ్చేసేదాన్ని. "మొదటిసారి ఎప్పుడొచ్చింది నీకు?"

"అమ్మ చీరలన్నీ నాన్న మూటగట్టి పంచిపెట్టమని చర్చిలో ఇచ్చేసిన రోజు. నన్ను అడగలేదు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు. పడిపోయాను."

సాలేహా బురఖా అంచు మడతపెట్టింది.

"మరి నీదక్కా?" అన్నాను.

"నాది చెప్పను. అన్నిట్లో సగం ఇస్తాగానీ అది ఇవ్వను. అది నాకే అరగలేదు ఇంకా."

*

క్రిస్మస్ దాటిన ఆదివారం. చర్చిలో పూజ నుంచి వచ్చి వంటింట్లో సొరకాయ తరుగుతున్నాను. ఎడమచేతి వేళ్ళు చల్లబడ్డాయి. పళ్ళెం జారి నేల మీద గింగిరాలు తిరిగింది.

కత్తిపీట వదిలేసి గోడకి ఆనుకున్నాను. పాదాలు నేలకి అదిమిపెట్టాను. కత్తిపీట. సొరకాయ. ఉప్పుజాడీ. గోడమీద మసి. కిటికీ ఊచలు. ఊచల మీద ఫ్యాక్టరీ నుంచి రాలిన బూడిద. చలి మోచేతిదాకా పాకింది. భుజం దగ్గర ఆగింది. మళ్ళీ కత్తిపీట. సొరకాయ. ఉప్పుజాడీ...

వెనక్కి దిగిపోయింది.

అప్పటికే నాన్న పరిగెత్తుకొచ్చాడు, చేతిలో తాళాల గుత్తితో. నేను గోడకి ఆనుకుని, కళ్ళు తెరుచుకుని, చక్కగా కూర్చుని ఉన్నాను. పెళ్ళయిపోయాక వచ్చిన చుట్టంలా నిలబడిపోయాడు.

"ఏమైంది?"

"రాబోయింది నాన్నా. వెళ్ళిపోయింది."

గుత్తిని చూసుకున్నాడు. నన్ను చూశాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. కాటా దగ్గరి కబురేదో వెంట తెచ్చినట్టున్నాడు, కాని దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. నా కళ్ళలోకి చూస్తూ చెప్పడం ఆయనకి రాదు.

నేను ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయాను. రెండూ నిజమేనని ఒకరు చెప్పాక, ఒక్కరికైనా చెప్పాలనిపించింది.

"నాన్నా, అప్పుడు నాకు వినపడుతుంది."

"ఏంటి?"

"ఫిట్స్ వచ్చినప్పుడు. నువ్వు చెప్పేవన్నీ."

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదట్నుంచీ."

గుత్తి మేకుకి తగిలించాడు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. "కాటా దగ్గర పనుంది" అన్నాడు. ఆ రోజు ఆయనకి డ్యూటీ లేదు. వెళ్ళిపోయాడు.

గడియ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. పడలేదు. మర్చిపోయాడో, మానేశాడో. ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు.

తలుపు తీసే ఉండేది. వెళ్ళడానికి చోటే లేదు. పొద్దున్నే వరండాలో బూడిద ఊడ్చేదాన్ని, మధ్యాహ్నానికి మళ్ళీ రాలేది, మళ్ళీ ఊడ్చేదాన్ని. ఫిట్స్ తగ్గుతూ వచ్చాయి. తగ్గుతున్నకొద్దీ ఇంట్లో నాన్న గొంతు కూడా తగ్గిపోయింది. జబ్బు వెళుతూ వెళుతూ ఆయన్ని వెంటబెట్టుకుపోయింది. గుణదల చర్చి తిరునాళ్ళకి ఇద్దరం వెళ్ళాం. కొండ మీద పక్కపక్కనే కొవ్వొత్తులు వెలిగించి, ఒక్క మాటైనా లేకుండా దిగివచ్చాం.

ఇంక నాకు మిగిలింది గురువారమే.

*

తిరునాళ్ళు దాటిన రెండో గురువారం. సీతారావమ్మ సిస్టర్ పట్టీ విప్పి, కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్ను పరీక్షగా చూసింది.

"నెల దాటింది, నీకు ఒక్కసారి కూడా రాలేదు. బీపీ వాళ్ళలో నీ అంత బాగా తగ్గింది ఇంకెవరికీ లేదమ్మాయ్. మాటల వాళ్ళతో సమానం." సంతోషపడుతుందేమో అనుకున్నాను. నిట్టూర్చింది. "హైదరాబాదు వాళ్ళు అడుగుతారు ఇప్పుడు. ఉట్టి బీపీ చూస్తేనే తగ్గిపోతుంటే ఇంక మాటలతో పనేముందని."

"అడిగితే ఏమవుతుంది సిస్టర్?"

"ఏమవుతుందీ... నీలాంటివాళ్ళు ఇంకో నలుగురు తేలారంటే, మాటల వల్ల ఒరిగిందేం లేదని రాసుకుంటారు. ఆ మేడమ్‌ని ఇంటికి పంపిస్తారు. తర్వాత వచ్చేవాళ్ళకి మళ్ళీ పాత మాత్రలే." కలం తీసుకుంది. "చివరి ప్రశ్న, అందరినీ అడిగేదేలే. మాటల చికిత్స సంగతులు ఎవరైనా నీతో చెప్పారా?"

తలుపు అవతల బల్ల ఉంది. ఇంకాసేపట్లో సాలేహా బయటికొస్తుంది. లేదు అంటే చాలు, ఆమె కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటుంది, పొట్లం విప్పుతుంది. ట్రయల్ ముగిసేదాకా ప్రతి గురువారం.

లేదు అంటే, నన్ను నిలబెట్టిన మాటలు అసలు పనికిరానివని నా పేరు మీదే రుజువవుతుంది.

"చెప్పారండీ" అన్నాను.

కలం ఆగింది. "ఎవరు?"

గురువారం ఆ బల్ల మీద కూర్చునేది మేమిద్దరమే. సిస్టరుకి నేను చెప్పనక్కర్లేకపోయింది.

"సమోసాలు!" అంది. నుదురు కొట్టుకుంది. కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. "నువ్వు చెప్పావు గనక సరిపోయింది. ఇది ఇలా అయిందని రాయాలి. ఆమెకింకా మేడమ్ దగ్గర నాలుగు వారాలున్నాయి, అవి ఆపరులే. కానీ ఇద్దరూ మళ్ళీ కలవడానికి వీల్లేదు. ఆమెని సోమవారానికి మారుస్తా."

"నన్ను మార్చండి సిస్టర్."

"ఎవరైతేనేం?"

"ఆమెకి గురువారమే కావాలి."

సిస్టర్ నా పేరు పక్కన సోమవారం అని రాసుకుంది.

సాలేహా బయటికి వచ్చేసరికి బల్ల దగ్గర మా మధ్య సిస్టర్ నిలబడి ఉంది. "ఈ అమ్మాయి ఇంక సోమవారం వస్తుంది. మీ ముచ్చట్లు బయటపడ్డాయి."

"ఎవరు చెప్పారు?" అంది సాలేహా.

"నేనే అక్కా."

ఆమె చేతిలో పొట్లం అప్పటికే సగం విప్పి ఉంది. మళ్ళీ చుట్టింది. సమోసా విరవకుండా అలాగే సంచీలో పెట్టుకుని, ముసుగు దించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సోమవారాలు ఆ బల్ల మీద నేనొక్కదాన్నే కూర్చున్నాను. అలవాటుకొద్దీ ఒక పక్కకి జరిగి కూర్చునేదాన్ని.

*

ఏప్రిల్‌లో క్రషింగ్ ఆగింది. బూడిద రాలడం మానేసింది. నాన్న పొద్దస్తమానం ఇంట్లోనే. తలుపు తీసిన ఇంట్లో ఇద్దరం రెండు గదుల్లో కూర్చునేవాళ్ళం.

ఒక పొద్దున చీర మార్చుకుని, "హనుమాన్ జంక్షన్ వెళ్ళొస్తాను" అన్నాను.

"ఎవరున్నారక్కడ?"

"తెలిసినావిడ."

ఇంకేం అడగలేదు. బస్టాండుదాకా వచ్చాడు. కండక్టరుతో ఏమీ చెప్పలేదు.

జంక్షన్‌లో పంక్చర్ షాపులు వరసగా ఉన్నాయి. అడుగుతూ పోయాను. ఒకచోట సన్నటి మనిషి లారీ టైరు మీద గొంతుక్కూర్చుని సుత్తితో కొడుతున్నాడు. "సైదావలిగారి షాపెక్కడండీ?" అని అడగబోతుంటే వెనక గుడ్డతెర కదిలింది. ఆ కళ్ళు నాకు తెలుసు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు ఆయన.

ఏం కావాలి నాకు? బండి లేదు, సైకిలు లేదు. "దాహమేసిందండీ. బస్సు కోసం చూస్తున్నా."

"సాలేహా! నీళ్ళు!"

స్టీలు గ్లాసుతో వచ్చింది. నా మొహం వైపు చూడకుండా అందించింది. తాగుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. "ఉయ్యూరు బస్సు ఇక్కడ ఆగదు. రోడ్డు దాటాలి" అంది.

సుత్తి ఆగింది.

"ఆమెది ఉయ్యూరని నీకెట్లా తెలుసు?"

సాలేహా చేతివేళ్ళు కొంగులో బిగుసుకున్నాయి. ఆమె నాలుక మొద్దుబారుతోందని నాకు తెలిసిపోయింది.

"నేనే అన్నానండీ" అన్నాను. "నీళ్ళిస్తుంటే. మీ సుత్తి చప్పుడులో మీకు వినపడలేదు."

ఆయన ఒక్క క్షణం చూసి మళ్ళీ టైరు మీదికి వంగాడు. "రోడ్డు దాటించు ఆమెని, లారీలు కళ్ళు మూసుకొస్తాయి." అని నా వైపు తిరిగాడు. "జాగ్రత్త. దీనికి ఫిట్సమ్మా, ఈమధ్య రావట్లేదులే. గురువారం గురువారం దర్గాకెళ్ళింది. అంతా బాబా దయ."

"అవునండీ" అన్నాను.

రోడ్డు అంచున చెయ్యి పట్టుకుంది. ఎదురుగా లారీలు ఆగకుండా పోతున్నాయి.

"నీకు?" అంది పెదాలు కదపకుండా.

"రాలేదు. నీకు?"

"ఒక్కసారి. బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్న రోజు."

"కోపమా అక్కా?"

"కోపమే. ఆ నాలుగు వారాలూ తిన్న సమోసా ఒక్కటి అరిగితే ఒట్టు." చెయ్యి మాత్రం వదల్లేదు. "సిస్టర్ చెప్పింది. నన్ను మార్చబోతే నువ్వు మారావంట."

లారీల మధ్య సందు దొరికింది. ఇద్దరం పరిగెత్తాం. అవతల ఉయ్యూరు బస్సు కదలబోతోంది.

"ఇంక ఊరికే రాకు" అంది. "ఆయనకి అనుమానం ఎక్కువ. వస్తే పంక్చరైన సైకిలేదైనా తెచ్చుకో. పంక్చర్ వెయ్యడానికి ఆయనకి అరగంట పడుతుంది. అరగంట కూర్చోబెట్టకపోతే మర్యాదేనా మరి."

నాకు సైకిలు తొక్కడం రాదు. ఫిట్స్ ఉన్న పిల్లని ఎవరు ఎక్కనిస్తారు?

ఆ సాయంత్రమే నాన్నని అడిగాను. "సైకిలు నేర్పు."

"పడితేనో?"

"పడితే లేస్తాను."

చెరకు బండ్లు వెళ్ళిపోయాక ఫ్యాక్టరీ యార్డు మైదానంలా పడి ఉంటుంది. నాన్న తన సైకిలు తెచ్చాడు. నన్ను ఎక్కించి, వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తడం మొదలుపెట్టాడు.

"ముందుకి చూడు! చక్రం వైపు కాదు! తొక్కు, తొక్కు తల్లీ... అటు కాదు, గోడుంది... నేను పట్టుకునే ఉన్నాలే, తొక్కు!"

ఆయాసపడుతూ, ఆపకుండా, యార్డు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మాట్లాడాడు. నా మొహం ఆయనకి కనబడదు. అందుకేనేమో. మూడోనాడు పరిగెత్తుతూనే అడిగాడు. "ఇంతకీ సైకిలు మీద ఎక్కడికి?"

"హనుమాన్ జంక్షన్‌కి."

"అంత దూరం ఎవరైనా సైకిలు తొక్కుతారా?"

"బస్సు టాపు మీద వేసుకెళ్తా."

"బస్సులో వెళ్ళేదానికి సైకిలెందుకే?"

చెప్పాను. బల్ల సంగతి, సమోసా సంగతి, సోమవారాల సంగతి. వెనక్కి తిరగకుండా, తొక్కుతూనే. ఆయన వింటున్నాడో లేదో తెలీలేదు. ఆపి చూసేసరికి యార్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వదిలేశాడో, చాలా దూరం నేను ఒక్కదాన్నే వచ్చేశాను.

"గట్టిగా చెప్పు! ఇక్కడికి వినపడట్లేదు!" అని అరిచాడు.

తర్వాతి వారం బస్సు టాపు మీద సైకిలు ఎక్కించాడు. జంక్షన్‌కి ఒక స్టాపు ముందే దిగాను. రోడ్డు పక్క తుమ్మచెట్టునుంచి మంచి ముల్లు ఒకటి విరిచి, వెనక టైరులో కసుక్కున దింపాను. గాలి బుస్సుమంది. అది పూర్తిగా కూలబడేదాకా ఆగి, సైకిలు నడిపించుకుంటూ సైదావలిగారి షాపు వైపు బయల్దేరాను.